యాంబియెంట్ బ్యాక్‌స్కాటర్ రేడియోలో సంకేత గుర్తింపు: నంద్యాల, ఆళ్లగడ్డ నేపథ్యంలో

సొంతంగా రేడియో తరంగాలను పుట్టించకుండా, చుట్టూ గాలిలో అప్పటికే ఉన్న టీవీ, ఎఫ్‌ఎం, మొబైల్, వైఫై తరంగాలను పరావర్తనం చేస్తూ సమాచారం పంపే పద్ధతిని యాంబియెంట్ బ్యాక్‌స్కాటర్ అంటారు. ఇలా పంపే చిన్న పరికరం పేరు ట్యాగ్. దానికి బ్యాటరీ అక్కర్లేదు. తన మీద పడే తరంగాల నుంచే తనకు కావలసిన కొద్దిపాటి విద్యుత్తును అది తీసుకోగలదు. పంపడం ఇంత చవకైనందువల్ల కష్టమంతా అందుకునే వైపు చేరింది. బలమైన టవర్ సంకేతం మధ్య ట్యాగ్ కలిగించే స్వల్పమైన మార్పును పట్టుకుని, అది 0నా 1నా అన్నది తేల్చడమే ఈ రంగంలో ప్రధాన సమస్య. దీనినే సంకేత గుర్తింపు అంటారు.

నంద్యాల జిల్లాకు ఈ విషయంతో రెండు రకాల సంబంధం ఉంది. పరావర్తనంతో మాట్లాడే ట్యాగులు నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా పోయే 40వ నంబరు జాతీయ రహదారిపై ఫాస్టాగ్ రూపంలో ఇప్పటికే రోజూ పనిచేస్తున్నాయి. గోదాముల నిఘాకూ సాగుకూ బ్యాటరీలేని సెన్సార్లు కావాలంటే, ఈ నేల మీది గాలిలో ఏ తరంగాలు దొరుకుతాయన్నది రెండో సంగతి. ఏ గుర్తింపు పద్ధతి పనికొస్తుందో నిర్ణయించేది అదే.

మూలసూత్రం

ట్యాగులోని యాంటెన్నాకు ఒక చిన్న ట్రాన్సిస్టర్ స్విచ్ ఉంటుంది. స్విచ్ ఒక స్థితిలో ఉంటే యాంటెన్నా తనపై పడిన తరంగాన్ని ఎక్కువ భాగం పీల్చుకుంటుంది, రెండో స్థితిలో ఎక్కువ భాగాన్ని తిరిగి వెదజల్లుతుంది. ఈ రెండు స్థితులే 0, 1 అవుతాయి. సాధారణ రేడియోలో విద్యుత్తును ఎక్కువగా తినే ఆసిలేటర్, యాంప్లిఫయర్ ఇందులో ఉండవు. అందుకే బ్లూటూత్ వంటి రేడియోలకు మిల్లీవాట్లు ఖర్చవుతుంటే, ట్యాగ్ స్విచ్ మైక్రోవాట్లతో, కొన్ని సందర్భాల్లో అంతకన్నా తక్కువతో, సరిపెట్టుకుంటుంది.

రిసీవరుకు రెండు దారుల్లో తరంగాలు వస్తాయి. ఒకటి టవర్ నుంచి నేరుగా వచ్చేది. రెండోది టవర్ నుంచి ట్యాగుకు, అక్కడి నుంచి రిసీవరుకు వచ్చేది. రిసీవర్ అందుకునేది ఈ రెండింటి మొత్తాన్ని. మహానంది తిరునాళ్లలో మైకు మోగుతుండగా పక్కవీధిలో ఒకరు కిటికీ రెక్కను తెరుస్తూ మూస్తూ ఉంటే, దూరంగా కూర్చున్నవారు పాట వినిపించే తీరులోని అతి చిన్న హెచ్చుతగ్గులను బట్టి ఆ రెక్క కదలికను పోల్చుకోవలసి వస్తే ఎంత కష్టమో, రిసీవర్ పనీ అంత కష్టం. పాట కూడా తనంతట తాను హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి ఏది పాటలోని మార్పు, ఏది రెక్క తెచ్చిన మార్పు అన్నది తేల్చాలి.

చరిత్ర

పరావర్తనంతో సమాచారం పంపవచ్చన్న ఆలోచన పాతదే. 1945లో మాస్కోలోని అమెరికా రాయబారికి సోవియట్ పిల్లలు బహూకరించిన చెక్కతో చేసిన అమెరికా అధికార ముద్రలో లెవ్ తెర్మెన్ రూపొందించిన, మాటలను రహస్యంగా వినే పరికరం దాగి ఉండేది. దానిలో బ్యాటరీ లేదు. బయటి నుంచి రేడియో తరంగం ప్రసరించినప్పుడు మాత్రమే అది గదిలోని మాటలను ఆ తరంగంపై ఎక్కించి తిప్పి పంపేది. 1952లో గాని అది బయటపడలేదు. 1948లో హ్యారీ స్టాక్‌మన్ పరావర్తిత శక్తితో సమాచార ప్రసారం గురించి శాస్త్రీయంగా రాశాడు. 1970లలో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జరిగిన పనితో ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులకు దారి పడింది. 2004లో యూహెచ్‌ఎఫ్ ట్యాగుల రెండో తరం ప్రమాణం వచ్చింది. నేడు దుకాణాల్లో, గోదాముల్లో, టోల్ గేట్ల వద్ద వాడేవి చాలావరకు ఆ కుటుంబానివే.

వీటన్నిటికీ తరంగాన్ని ప్రసరింపజేసే ప్రత్యేక రీడర్ కావాలి. ఆ రీడర్ లేకుండా, ఊళ్లో ఎలాగూ ఉన్న ప్రసారాన్నే వాడుకోవచ్చని 2013లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. హాంకాంగ్‌లో జరిగిన సిగ్‌కామ్ అనే నెట్‌వర్కింగ్ సమావేశంలో ఉత్తమ పత్రంగా ఎంపికైన ఆ పనికి రచయితలు విన్సెంట్ లియు, ఆరన్ పార్క్స్, వంశీ తాళ్ల, శ్యామ్‌నాథ్ గొల్లకోట, డేవిడ్ వెదరాల్, జాషువా స్మిత్. గొల్లకోట మద్రాస్ ఐఐటీలో, ఆపై ఎంఐటీలో చదివారు. రేడియో సంకేతాలు ఒకదానితో ఒకటి కలిసిపోవడాన్ని అడ్డంకిగా కాక వనరుగా చూడాలన్న ఆయన డాక్టరేట్ సిద్ధాంత గ్రంథానికి ఏసీఎం పురస్కారం లభించింది. గువాహటి ఐఐటీలో చదివిన తాళ్ల తర్వాత ఇదే బృందంతో కలిసి జీవా వైర్‌లెస్ సంస్థను నెలకొల్పారు.

ఆ తొలి నమూనా 539 మెగాహెర్ట్జ్ టీవీ సంకేతాన్ని వాడుకుంది. రెండు బ్యాటరీలేని ట్యాగులు ఆరుబయట సుమారు 2.5 అడుగుల దూరంలో, ఇంటిలోపల 1.5 అడుగుల దూరంలో సెకనుకు 1 కిలోబిట్ వేగంతో మాట్లాడుకున్నాయి. టీవీ టవర్ సుమారు 10 కిలోమీటర్ల దూరంలో ఉన్నా ఇది సాధ్యపడింది. దూరం చిన్నదే. అయినా ఎవరికోసమో ప్రసారమైన తరంగంతో, దాని యజమానితో ఏ ఒప్పందమూ లేకుండా, బ్యాటరీలేని రెండు పరికరాలు మాట్లాడుకోవడం అంతకు ముందు లేని సంగతి.

40వ నంబరు జాతీయ రహదారి, ఫాస్టాగ్

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు మీదుగా కడపకు, అక్కడి నుంచి చిత్తూరు వైపుగా రాణిపేటకు పోయే రహదారి ఇది. దీనిపైని టోల్ ప్లాజాలలో, ఉదాహరణకు ఓర్వకల్లు మండలం నన్నూరు వద్ద, లారీ అద్దానికి అంటించిన ఫాస్టాగ్ చేసేది అచ్చంగా బ్యాక్‌స్కాటరే. దేశంలో 2021 ఫిబ్రవరి నడిమి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. ఇది 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తుంది. నిర్ణీత శక్తికి లోబడి ఈ పట్టీని లైసెన్సు లేకుండా వాడుకునే వీలును కేంద్ర ప్రభుత్వం 2005లోనే కల్పించింది.

ఫాస్టాగ్‌కూ యాంబియెంట్ బ్యాక్‌స్కాటర్‌కూ ఉన్న తేడాయే గుర్తింపు సమస్యకు కీలకం. టోల్ గేటు పైనున్న రీడర్ తానే ఒక స్వచ్ఛమైన, ఒడిదుడుకులు లేని తరంగాన్ని పంపుతుంది. ఆ తరంగం పౌనఃపున్యం, దశ, బలం దానికి తెలుసు. తిరిగొచ్చిన దానిలోంచి తనది తీసేస్తే మిగిలేది ట్యాగ్ మాటే. అందుకే మీటర్ల దూరంలో, సెకనుకు పదుల నుంచి వందల కిలోబిట్ల వేగంతో, ట్యాగ్ గుర్తింపు సంఖ్యను క్షణంలో చదవగలుగుతుంది. యాంబియెంట్ పద్ధతిలో మోసే తరంగం ఇతరులది. అందులో ఎవరి ఫోన్ మాటలో, ఎవరి వీడియోలో ఉంటాయి. అది ప్రతి క్షణం యాదృచ్ఛికంగా మారుతూ ఉంటుంది. రిసీవరుకు ఆ మార్పుల గురించి ముందుగా ఏమీ తెలియదు.

గుర్తింపు ఎందుకు కష్టం

మొదటి కారణం, రెండు సంకేతాల బలాల మధ్య ఉన్న అంతరం. ట్యాగ్ దారిలో తరంగం రెండుసార్లు పలచబడుతుంది, టవర్ నుంచి ట్యాగుకు వచ్చేటప్పుడు ఒకసారి, ట్యాగ్ నుంచి రిసీవరుకు పోయేటప్పుడు మరోసారి. నేరుగా వచ్చే సంకేతంతో పోలిస్తే పరావర్తనం శక్తిలో వేల నుంచి లక్షల రెట్లు తక్కువ ఉండవచ్చు. రిసీవరులో సంకేతాన్ని అంకెలుగా మార్చే భాగం బలమైన దానికి సరిపడేలా తన కొలబద్దను సర్దుకుంటుంది. అప్పుడు బలహీనమైన మార్పు ఆ కొలబద్దలోని అతి చిన్న గీత కన్నా కిందికి జారిపోయే ప్రమాదం ఉంది.

రెండోది, మోసే తరంగం తెలియకపోవడం. శక్తి పెరిగింది అంటే ట్యాగ్ 1 పంపింది కాబట్టి పెరిగిందా, టవర్ నుంచి ఆ క్షణంలో ఎక్కువ డేటా వస్తున్నందున పెరిగిందా అన్నది ఒకటి రెండు కొలతలతో తేలదు.

మూడోది, దిక్కు తెలియకపోవడం. రెండు తరంగాలు ఒకే దశలో కలిస్తే మొత్తం పెరుగుతుంది, ఎదురు దశలో కలిస్తే తగ్గుతుంది. అంటే ట్యాగ్ 1 పంపినప్పుడు అందే శక్తి ఒక చోట పెరిగితే, కొన్ని సెంటీమీటర్ల అవతల తగ్గవచ్చు. మధ్యలో ఎక్కడో ఒక చోట మొత్తం బలం రెండు స్థితుల్లోనూ ఒకటిగానే ఉండి, ట్యాగ్ ఉన్నా లేనట్టే కనిపిస్తుంది. 850 మెగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం సుమారు 35 సెంటీమీటర్లు. కాబట్టి ట్యాగునో రిసీవరునో జానెడు జరిపితే చాలు, ఈ పరిస్థితి మారిపోతుంది.

గుర్తింపు పద్ధతులు

శక్తి కొలత. అన్నిటికన్నా సులువైన, తక్కువ విద్యుత్తు తినే పద్ధతి ఇది. ట్యాగ్ ఒక్కో బిట్‌ను టీవీ లేదా మొబైల్ సంకేతపు వేగం కన్నా చాలా నెమ్మదిగా పంపుతుంది. ఒక బిట్ కాలంలో రిసీవర్ వేల శాంపిళ్ల శక్తిని కలిపి సగటు తీస్తుంది. మోసే తరంగంలోని వేగమైన హెచ్చుతగ్గులు సగటులో అణగిపోయి, ట్యాగ్ తెచ్చిన నెమ్మదైన మార్పు మిగులుతుంది. ఆ సగటును ఒక హద్దుతో పోల్చి 0 లేదా 1 అని నిర్ణయిస్తుంది. 2013 నమూనాలో ఈ పని డిజిటల్ ప్రాసెసర్ చేయలేదు. డయోడు, రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఒక కంపారేటర్ కలిసి ఒక మైక్రోవాటుకు లోపే చేశాయి. బ్యాటరీలేని ట్యాగ్ మరో ట్యాగ్ మాటను వినాలంటే ఇప్పటికీ ఇదే మార్గం.

హద్దు ఎక్కడ పెట్టాలన్నది సంభావ్యతా శాస్త్రం చెబుతుంది. మోసే తరంగం గాసియన్ స్వభావం కలదైతే, ట్యాగ్ రెండు స్థితుల్లో అందే సగటు శక్తులు తెలిస్తే, తప్పులు అతి తక్కువగా ఉండే హద్దు ఆ రెండు శక్తుల మధ్య ఒక నిర్దిష్ట స్థానంలో ఉంటుంది. రెండు శక్తులు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు అది దాదాపు వాటి నడిమధ్యనే. ఈ విశ్లేషణను గాంగ్పు వాంగ్, ఫైఫై గావ్, రాంగ్‌ఫై ఫాన్, చింత తెల్లంబుర 2016లో ప్రచురించిన పత్రంలో వివరంగా చేశారు.

ఈ పద్ధతి స్వభావంలోనే ఒక పరిమితి ఉంది. సాధారణ రేడియోలో ప్రసారశక్తి పెంచితే తప్పులు తగ్గుతూ పోతాయి. ఇక్కడ టవర్ శక్తి ఎంత పెంచినా తప్పుల రేటు ఒక స్థాయి దగ్గర ఆగిపోతుంది. కారణం, అడ్డుగా ఉన్నది రిసీవరులోని రొద ఒక్కటే కాదు, మోసే తరంగపు యాదృచ్ఛికత కూడా. శక్తి పెరిగితే ఆ యాదృచ్ఛికతా దానితోపాటే పెరుగుతుంది. తప్పులు తగ్గాలంటే ఎక్కువ శాంపిళ్ల సగటు తీయాలి, అంటే వేగాన్ని వదులుకోవాలి.

తేడా కోడింగ్. 1 అంటే శక్తి పెరగడమా తగ్గడమా తెలియని చిక్కును ఇది తప్పిస్తుంది. ట్యాగ్ 1 పంపాలంటే తన స్థితిని మారుస్తుంది, 0 పంపాలంటే మార్చకుండా ఉంచుతుంది. రిసీవర్ పక్కపక్క బిట్ల శక్తులను పోల్చి, తేడా పెద్దదైతే 1 అనుకుంటుంది. దిక్కు తెలియనక్కరలేదు. దారుల గుణకాలను, అంటే ఒక్కో దారిలో తరంగపు బలం, దశ ఎంత మారతాయో తెలిపే విలువలను, ముందుగా కొలవనక్కరలేదు కూడా. మాంచెస్టర్ కోడింగ్‌లో ప్రతి బిట్ మధ్యలో తప్పకుండా ఒక మార్పు ఉంటుంది కాబట్టి, బిట్ తొలి సగాన్ని మలి సగంతో పోల్చి హద్దు అవసరం లేకుండానే నిర్ణయించవచ్చు.

రెండు యాంటెన్నాల నిష్పత్తి. మోసే తరంగాన్ని గణితపరంగా కొట్టివేయడం దీనిలోని చమత్కారం. రెండు యాంటెన్నాలకూ వచ్చేది ఒకే టవర్ తరంగం. ఒక దానిపై అందిన దానిని రెండో దానిపై అందిన దానితో భాగిస్తే టవర్ తరంగం రెండుచోట్లా రద్దవుతుంది. మిగిలే నిష్పత్తి దారుల మీద, ట్యాగ్ స్థితి మీద మాత్రమే ఆధారపడుతుంది. ట్యాగ్ స్థితి మారితే నిష్పత్తి రెండు విలువల మధ్య ఊగుతుంది. ఈ పద్ధతితో వాషింగ్టన్ బృందం 2014లో సెకనుకు 1 మెగాబిట్ వేగాన్ని ఏడు అడుగుల దాకా చూపింది. నెమ్మదిగా, పొడవైన కోడ్లతో పంపే మరో పద్ధతితో అదే పనిలో దూరాన్ని 80 అడుగుల దాకా పెంచింది.

పౌనఃపున్యాన్ని పక్కకు జరపడం. ట్యాగ్ తన స్విచ్‌ను సెకనుకు కొన్ని లక్షలసార్లు తెరిచి మూస్తే, పరావర్తిత తరంగం ఆ మేరకు పక్క ఛానలుకు జరుగుతుంది. అసలు తరంగం తన చోటనే ఉండిపోతుంది. రిసీవర్ పక్క ఛానలుకు ట్యూన్ చేసుకుంటే, తిన్నగా వచ్చే బలమైన సంకేతాన్ని మామూలు ఫిల్టరే ఆపేస్తుంది. 2017లో వచ్చిన ఎఫ్‌ఎం బ్యాక్‌స్కాటర్ దీని మీదే ఆధారపడింది. మామూలు కారు రేడియో, ఫోనులోని ఎఫ్‌ఎం రిసీవరే ట్యాగ్ మాటను వినగలిగాయి. ట్యాగ్ వాడిన శక్తి సుమారు 11 మైక్రోవాట్లు. పక్క ఛానల్ ఖాళీగా ఉండాలన్నది దీనికి షరతు.

ఓఎఫ్‌డీఎం పునరావృత్తిని వాడుకోవడం. 4జీ, 5జీ, వైఫై సంకేతాలు దాదాపు అన్నీ ఓఎఫ్‌డీఎం పద్ధతిలోనే, అంటే డేటాను అనేక సన్నని పౌనఃపున్యాలపై పంచి పంపే పద్ధతిలో, ఉంటాయి. ప్రతి ఓఎఫ్‌డీఎం గుర్తు ముందు దాని తోక భాగాన్నే నకలుగా అతికిస్తారు. 4జీలో గుర్తు నిడివి 66.7 మైక్రోసెకన్లు, ఈ నకలు సుమారు 4.7 మైక్రోసెకన్లు. రిసీవర్ నకలును తోకలోంచి తీసివేస్తే టవర్ సంకేతం రద్దవుతుంది. గుర్తు మధ్యలో ట్యాగ్ తన స్థితి మార్చి ఉంటే, ఆ తీసివేతలో ట్యాగ్ ముద్ర మిగులుతుంది. గాంగ్ యాంగ్, యింగ్‌చాంగ్ లియాంగ్ బృందం 2018లో ప్రచురించిన ఈ ఆలోచన, టవర్ ఏమి పంపుతోందో తెలియకుండానే టవర్ సంకేతాన్ని తొలగించవచ్చని చూపింది.

ముందు వినడం, తరువాత తీసివేయడం. రిసీవర్ ఒక ఫోన్ లేదా వైఫై కేంద్రమైతే టవర్ సంకేతాన్ని ఎలాగూ చదువుతుంది. చదివాక దానిని తిరిగి నిర్మించి, అందిన మొత్తంలోంచి తీసివేస్తే ట్యాగ్ భాగం మిగులుతుంది. 2015లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపిన బ్యాక్‌ఫై పద్ధతిలో వైఫై కేంద్రం తాను పంపిన సంకేతాన్నే తీసివేసి, 1 మీటరు దూరంలో సెకనుకు 5 మెగాబిట్లు, 5 మీటర్ల దూరంలో 1 మెగాబిట్ సాధించింది. ట్యాగునూ టవరునూ ఒకే వ్యవస్థగా చూసే ఈ ధోరణి నేడు సహజీవన రేడియో పేరుతో విస్తరిస్తోంది.

నేర్చుకునే యంత్రాలు. దారుల వివరాలు తెలియనప్పుడు, అందిన కొలతలను రెండు గుంపులుగా విడదీసే క్లస్టరింగ్, నాడీజాల పద్ధతులు వాడుతున్నారు. ట్యాగ్ ముందుగా తెలిసిన కొన్ని బిట్లు పంపితే, ఏ గుంపు 0, ఏది 1 అన్నది స్పష్టమవుతుంది.

ఒక లెక్క

పద్ధతి ఎంపిక ఎంత తేడా తెస్తుందో చూపడానికి ఒక ఉదాహరణ. 850 మెగాహెర్ట్జ్ మొబైల్ సంకేతం, ట్యాగుకు మామూలు డైపోల్ యాంటెన్నా, రిసీవర్ 4.5 మీటర్ల దూరంలో, మధ్యలో అడ్డులేదు అనుకుందాం. పరావర్తిత తరంగం కంపన పరిమితి నేరు తరంగంలో సుమారు 1 శాతం ఉంటుంది. దశ అనుకూలంగా కలిస్తే, ట్యాగ్ స్థితి మారినప్పుడు మొత్తం శక్తిలో వచ్చే మార్పు సుమారు 2 శాతం.

శక్తి సగటు తీసినప్పుడు దాని చపలత్వం శాంపిళ్ల సంఖ్య వర్గమూలానికి విలోమంగా తగ్గుతుంది. హద్దు నడుమ ఉంటుంది కాబట్టి ఇటు 1 శాతం, అటు 1 శాతం చోటుంది. వెయ్యి బిట్లకు ఒకటి రెండు తప్పుల స్థాయికి రావాలంటే ఆ 1 శాతం చపలత్వానికి మూడు రెట్లు ఉండాలి. అందుకు 90,000 శాంపిళ్లు కావాలి. 9 మెగాహెర్ట్జ్ వెడల్పున్న 4జీ సంకేతం నుంచి సెకనుకు 90 లక్షల స్వతంత్ర శాంపిళ్లు వస్తాయి. అంటే ఒక్క బిట్‌కు 10 మిల్లీసెకన్లు, వేగం సెకనుకు 100 బిట్లు. దూరం రెట్టింపై 9 మీటర్లయితే మార్పు సగమవుతుంది, శాంపిళ్లు నాలుగింతలు కావాలి, వేగం 25 బిట్లకు పడిపోతుంది.

ఇప్పుడు రిసీవరుకు టవర్ సంకేతం పూర్తిగా తెలుసు, నేరు సంకేతం రొద కన్నా వంద రెట్లు బలంగా ఉంది అనుకుందాం. టవర్ భాగాన్ని తీసివేశాక మిగిలే అడ్డంకి రొద ఒక్కటే. అదే కచ్చితత్వానికి సుమారు 1,800 శాంపిళ్లు చాలు. 4.5 మీటర్ల దూరంలో వేగం సెకనుకు 5,000 బిట్లకు చేరుతుంది. ట్యాగ్ మారలేదు, టవర్ మారలేదు, దూరం మారలేదు. టవర్ సంకేతం తెలుసుకోవడం వల్లనే యాభై రెట్ల లాభం వచ్చింది.

నంద్యాల, ఆళ్లగడ్డలలో దొరికే తరంగాలు

సియాటిల్ ప్రయోగం టీవీ టవరును నమ్ముకుంది. ఇక్కడ ఆ దారి మూసుకుపోయింది. దూరదర్శన్ అనలాగ్ భూతల ప్రసారాలను 2022 నాటికి దేశమంతటా దాదాపుగా నిలిపివేసింది. ఇళ్లకు టీవీ ఇప్పుడు ఉపగ్రహం నుంచో కేబుల్ నుంచో వస్తోంది. ఉపగ్రహ సంకేతం నేలకు చేరేసరికి డిష్ లేకుండా వాడుకోలేనంత పలచగా ఉంటుంది.

కడప ఆకాశవాణి మీడియం వేవ్ ప్రసారం 900 కిలోహెర్ట్జ్‌పై ఈ ప్రాంతంలో వినిపిస్తుంది. కానీ ఆ పౌనఃపున్యం వద్ద తరంగదైర్ఘ్యం సుమారు 333 మీటర్లు. అరచేతిలో పట్టే ట్యాగ్ యాంటెన్నాతో దానిని చెప్పుకోదగినంతగా పరావర్తనం చేయలేము. ఎఫ్‌ఎం తరంగదైర్ఘ్యం సుమారు 3 మీటర్లు కాబట్టి గోడ మీదో బోర్డు మీదో సాగదీసిన తీగ యాంటెన్నా సరిపోతుంది. సంకేతం బలంగా అందేచోట, పక్క ఛానల్ ఖాళీగా ఉంటే, ఇది ఆచరణ సాధ్యమే. ఊళ్లు పలచగా, స్టేషన్లు తక్కువగా ఉన్నచోట ఖాళీ ఛానళ్లకు కొదవ ఉండదు. కొరత ఉండేది సంకేతపు బలానికే.

మిగిలినది మొబైల్ టవర్. నంద్యాల పట్టణంలో, రహదారి వెంట, ఆళ్లగడ్డలో ఇదే అన్నిటికన్నా నమ్మకమైన మూలం. 4జీ టవర్ ఫోన్ల సౌకర్యం కోసం ప్రతి మిల్లీసెకనులోనూ నాలుగు చోట్ల ముందే తెలిసిన సూచక గుర్తులను పంపుతుంది. వాడకందారులు లేని అర్ధరాత్రి కూడా ఇవి ఆగవు. ఏ ఫోనైనా వీటితోనే దారి గుణకాన్ని అంచనా వేసుకుంటుంది. ట్యాగ్ స్థితి మారితే ఆ అంచనాలో చిన్న మార్పు కనబడుతుంది. అంటే పై లెక్కలో రెండో ఉదాహరణకు కావలసిన తెలిసిన సంకేతం 4జీలో ఉచితంగా దొరుకుతోంది. దీనినే వాడుకుని ఐరోపా పరిశోధకులు మొబైల్ నెట్‌వర్కులలో ట్యాగులను గుర్తించే ప్రయోగాలు చేశారు. శక్తి కొలత మీద మాత్రం 4జీలో ఆధారపడటం ప్రమాదకరం. వాడకం పెరిగినప్పుడల్లా, తగ్గినప్పుడల్లా టవర్ శక్తి మారుతుంది. కొన్ని పట్టీలలో టవర్, ఫోన్లు వంతులవారీగా ప్రసారం చేస్తాయి కాబట్టి మూలం మధ్యమధ్య మాయమవుతుంది కూడా.

5జీ దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి తిరగబడుతుంది. విద్యుత్తు ఆదా కోసం అందులో అలాంటి నిరంతర సూచక గుర్తులను తీసేశారు. ఖాళీ సమయంలో టవర్ సాధారణంగా 20 మిల్లీసెకన్లకొకసారి మాత్రమే తన ఉనికిని చాటుతుంది. కాబట్టి 4జీ మీద ఆధారపడి కట్టిన ట్యాగ్ వ్యవస్థ, రేపు అదే టవర్ పూర్తిగా 5జీకి మారితే మూగబోవచ్చు. ఇతరుల తరంగం మీద బతికే పద్ధతికి ఇది పుట్టుకతో వచ్చిన బలహీనత.

అహోబిలం లోయలో, నల్లమల అడవి లోపల టవర్ సంకేతమే సన్నగా ఉంటుంది. అక్కడ యాంబియెంట్ పద్ధతి పనికిరాదు. సొంత తరంగాన్ని పంపే రీడరు గానీ, దీర్ఘదూర లోరా పద్ధతి గానీ కావాలి.

ఉపయోగాలు, పరిమితులు

నంద్యాల విత్తన వ్యాపారానికి పేరున్న ఊరు. 1906లో మొదలైన ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రం ఇక్కడ ఉంది. వరి, జొన్న, పత్తి, శనగ పండే నల్లరేగడి ప్రాంతమిది. గోదాములో నిల్వ ఉంచిన విత్తనంలో తేమ పెరిగితే మొలక శాతం పడిపోతుంది, పురుగు చేరుతుంది. బస్తాల దొంతరల మధ్య వేడిని, తేమను గంటకొకసారి చెప్పే సెన్సారుకు సెకనుకు 100 బిట్లు చాలా ఎక్కువ. వందల సెన్సార్లకు బ్యాటరీలు మార్చే పని తప్పుతుంది. ఎండ సోకని చోటు కాబట్టి సౌర పలక అక్కడ పనిచేయదు. ఈ పద్ధతికి అన్నిటికన్నా అనువైన స్థలం అదే. అయితే రేకుల గోదాములోకి టవర్ సంకేతం సరిగా చొరబడదు. అలాంటి చోట లోపలే ఒక వైఫై కేంద్రాన్నో, 865 మెగాహెర్ట్జ్ రీడర్‌నో మూలంగా పెట్టుకోవాలి.

పొలంలో లెక్క వేరు. గని–శకునాల వద్ద 1,000 మెగావాట్ల సౌర పార్కు నడుస్తున్న ప్రాంతం ఇది. నడినెత్తి ఎండలో చదరపు సెంటీమీటరు సౌర పలక ఇచ్చే విద్యుత్తు, గాలిలోని రేడియో తరంగాల నుంచి అదే వైశాల్యం రాబట్టగలిగే దానికన్నా వేల రెట్లు ఎక్కువ. కాబట్టి కర్నూలు–కడప (కేసీ) కాలువ కింది పొలాల్లో నేల తేమ కొలిచే సెన్సారుకు శక్తిని సూర్యుడి నుంచి తీసుకుని, మాట పంపడానికి మాత్రం బ్యాక్‌స్కాటర్ వాడటం తెలివైన కలయిక. తడిసిన నల్లరేగడి రేడియో తరంగాలను గట్టిగా పీల్చుకుంటుంది. అందువల్ల తేమ కొలిచే కడ్డీ మట్టిలో ఉన్నా యాంటెన్నా నేలపైనే ఉండాలి. పైరు పెరిగి గాలికి ఊగినప్పుడు దారి గుణకాలు మారుతూ ఉంటాయి కాబట్టి హద్దును ఒకసారి పెట్టి వదిలేయకూడదు. తేడా కోడింగ్ ఇక్కడ ఎక్కువగా అక్కరకు వస్తుంది.

ప్రయోగాలకు పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. 1995లో నెలకొన్న రాజీవ్ గాంధీ మెమోరియల్ ఇంజనీరింగ్ కళాశాల వంటివి నంద్యాలలో ఉన్నాయి. కంప్యూటరుకు తగిలించే చవక ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ రిసీవర్, జీఎన్‌యూ రేడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక ట్రాన్సిస్టర్ స్విచ్, రెండు తీగ ముక్కలు ఉంటే శక్తి కొలత పద్ధతిని విద్యార్థులు స్వయంగా పరీక్షించవచ్చు. ఆ రిసీవర్ కొలబద్దలో 8 బిట్లే ఉంటాయి. నేరు సంకేతం బలంగా ఉన్నప్పుడు సగటు తీసే కాలాన్ని పెంచుతూ పోతే తప్పుల రేటు ఎలా తగ్గుతుందో, అయినా ఏ దూరం దాటాక ట్యాగ్ కనబడకుండా పోతుందో దీనితో చూడవచ్చు.

ప్రమాణాల దశ

మొబైల్ ప్రమాణాలు రూపొందించే 3జీపీపీ యాంబియెంట్ ఐఓటీ పేరుతో ఈ రంగాన్ని చేపట్టింది. 18వ విడతలో అధ్యయనం, 19వ విడతలో ప్రమాణ రచన జరిగాయి. అన్నిటికన్నా చిన్న పరికరం గరిష్ఠంగా సుమారు 1 మైక్రోవాటుతో పనిచేయాలన్నది లక్ష్యం. ఇందులో ట్యాగ్ పరావర్తనం చేయవలసిన తరంగాన్ని అనిశ్చితమైన పరిసర సంకేతానికి వదిలేయకుండా, నెట్‌వర్కే ప్రత్యేకంగా పంపే ఏర్పాటు ఉంది. అంటే తెలియని తరంగంతో గుర్తింపు ఎంత ఖరీదైనదో పరిశ్రమ అంగీకరించి, ఫాస్టాగ్ దారికి కొంత దగ్గరగా జరిగింది.

పూర్తిగా పరిసర తరంగాలపై ఆధారపడే పద్ధతికి దీనివల్ల విలువ తగ్గదు. కొత్త నెట్‌వర్క్ చిన్న ఊళ్లకు చేరేలోగా ఉన్న టవర్లతోనే పని జరగాలంటే మార్గం అదొక్కటే. ఆ మార్గంలో విజయం ట్యాగ్ మీద కన్నా రిసీవర్ మీద, రిసీవర్ కన్నా స్థానిక తరంగాల పరిజ్ఞానం మీద ఆధారపడుతుంది. సియాటిల్ టీవీ టవరుకు సరిపోయిన హద్దు నంద్యాల 4జీ టవరుకు సరిపోదు, నంద్యాల గోదాముకు సరిపోయినది ఆళ్లగడ్డ పొలానికి సరిపోదు. ఏ పట్టీలో, ఏ వేళల్లో, ఎంత బలంతో సంకేతం అందుతోందో ఊరూరా కొలిచి నమోదు చేయడం ఈ ప్రాంతంలో మొదట జరగవలసిన పని. గుర్తింపు పద్ధతిని ఎంచుకోవడానికి కావలసిన సమాచారం ఆ కొలతల నుంచే వస్తుంది.